సంతకం లేని పొలం

"ఆవుల్ని అమ్మేశాక ఈ మనిషి పొద్దున్నే నాలుగున్నరకి లేచి ఎక్కడికి పోతాడు?"

రోండా ఈ మాట పైకే అనేసింది. వంటగదిలో ఎవరూ లేరు. బంగాళాదుంపల తొక్క తీస్తూ, కిటికీలోంచి ఆవుల కొట్టం ఎర్ర గోడ వైపు చూస్తూ అంది.

లేవడం మాత్రం లేస్తాడు ఆమె భర్త కర్ట్. ఆ అలవాటు ఎవరూ మాన్పించలేరు. లేచి బూట్లు తొడుక్కుని ఖాళీ కొట్టం గుమ్మంలో నిలబడతాడు. ఆ తర్వాత ఏమవుతుందో తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంది రోండా. పక్క లోయలో హాల్వర్సన్ మందని అమ్మేసిన ఏడాదికే గుండె ఆగి పోయాడు. ఆ పోవడం కూడా సరిగ్గా పాలు పితికే వేళకే.

కూతురు బ్రిటా చదువు కోసం ఆవుల్ని అమ్ముతానన్నాడు కర్ట్; వేలం వేసే ఓయెన్ సోమవారం వచ్చి వాటిని చూసుకుంటానన్నాడు. ఇవాళ శుక్రవారం. బ్రిటా ఏ కాలేజీలో చేరుతుందో వచ్చే గురువారంలోగా రాసి పంపాలి. మధ్యలో ఉన్నవి ఆరు రోజులు. ఆ పైన, ఆవుల్ని అమ్మొద్దందని మూడు రోజుల్నించీ కూతురితో మాట్లాడని తండ్రి ఒకడు.

వెనక తలుపు చప్పుడైంది. బ్రిటా పుస్తకాల సంచీ బెంచీ మీద పడేసి బూట్లు విప్పుతోంది.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?"

"బంగాళాదుంపలతో."

"ఏమంటున్నాయి?"

"మీ ఆయన మీ అమ్మాయితో ఎప్పుడు మాట్లాడతాడని అడుగుతున్నాయి."

బ్రిటా నవ్వలేదు. నవ్వే మాటకి ఈ పిల్ల నవ్వలేదంటే ఏదో వచ్చి పడిందన్నమాటే. రోండా చేతిలో కత్తి పక్కన పెట్టి తడి చేతులు తుడుచుకుంది.

"లాక్రాస్ వాళ్ల జవాబు పొద్దున ఫోన్లో చూశాను," అంది బ్రిటా. "సీటు ఉంది. ఫీజుకి సహాయం మాత్రం ఏమీ లేదు. అప్పు కావాలంటే ఇప్పిస్తామన్నారు."

రోండా కుర్చీలో కూలబడింది. తూర్పు తీరంలో ఆష్‌కాంబ్ కాలేజీ వాళ్లు సీటిచ్చి సహాయం ఏమీ ఇవ్వకపోవడం వేరు. అది ఇటుక గోడలూ, పేరూ, డబ్బున్నవాళ్ల పిల్లలూ ఉన్న చోటు. కానీ లాక్రాస్ నలభై మైళ్ల దూరంలో ఉన్న మన స్టేట్ యూనివర్సిటీ. చుట్టుపక్కల పాడి రైతుల పిల్లలందరూ అందులోనే చదువుతారు. అదీ అందకపోతే ఇంక ఈ పిల్ల డాక్టరు కావడం ఏమిటి?

"వాళ్లకి మనం ఏమన్నా తప్పుగా కనిపించామా?" అంది గొంతు తగ్గించి.

"డబ్బున్నవాళ్లలా కనిపించామమ్మా."

బ్రిటా సొరుగులోంచి దరఖాస్తు నకలు తీసి బల్ల మీద పరిచింది. అది రోండా నింపిన కాగితమే. మూడు ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక కూర్చుని ముందు పెన్సిల్‌తో రాసి, తర్వాత పెన్నుతో దిద్దింది. స్కూలు వంటశాలలో నాలుగు వందల మందికి కొలత తప్పకుండా వండే మనిషి. కానీ హైస్కూలు దాటలేదు. గడులున్న కాగితమంటే ఈ రోజుకీ అరచేతులు చెమట పడతాయి.

బ్రిటా వేలు ఒక గడి మీద ఆగింది. "ఇక్కడ పొలం రాశావు. రెండు వందల నలభై ఎకరాలు. దాని విలువ."

"అడిగారు కదా, రాశాను. దాస్తే తప్పు కాదూ?" రోండా ఆగి, ఇంకో మాట ఒప్పుకుంది. "అంత పెద్ద అంకె నా చేత్తో ఎప్పుడూ రాయలేదు బ్రిటా. రాస్తుంటే నడుం నిటారైంది నాకు."

కూతురు తిడుతుందనుకుంది. తిట్టలేదు. తల్లి చేతి మీద చెయ్యి వేసింది.

"ఆ పొలం మనది కాదమ్మా."

"అదేం మాట?"

"మధ్యాహ్నం భోజనం వేళ జిల్లా ఆఫీసుకి వెళ్లాను. భూముల పుస్తకం చూపించమన్నాను. పామర్ టోలెఫ్సన్ అని ఉంది. తాతయ్య పేరు. కింద ఇంకే పేరూ లేదు."

రోండా ఊపిరి పీల్చుకుంది. "అదా. ఆ పాత పేరు మార్చలేదంతే. కరెంటు బిల్లు ఇప్పటికీ పోయిన మీ నానమ్మ పేరుతోనే వస్తుంది. పన్ను కాగితం మీదా తాతయ్య పేరే. ఏటా నేనే కడుతున్నానుగా."

"కరెంటు బిల్లు వేరు, భూమి వేరు. రాసివ్వకపోతే మారదు."

"ఇచ్చేశాడే. నా కళ్లతో చూశాను."

నిజంగానే చూసింది. ఇరవై రెండేళ్ల కిందట, పెళ్లి విందులో, చర్చి కింది గదిలో. నలుగురిలో నోరు విప్పని పామర్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "కర్ట్, ఇక పొలం నీది," అని చెయ్యి చాపాడు. కర్ట్ ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు. రెండు వందల మంది చూశారు. తర్వాత అందరూ కేకు తిన్నారు. ఈ లోయలో చెయ్యి కలిపాక ఇంకో మాట ఉండదు. కాగితం ఏదీ అని అడిగితే, ఎదుటి మనిషిని దొంగ అన్నట్టే.

"ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. అంతే కదూ?"

"ఇంకేం కావాలి?"

"సంతకం," అంది బ్రిటా.

ఆమె అప్పటికే లాక్రాస్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగిందట. భూమి మీది కాకపోతే ఆ సంగతి ఉత్తరంలో రాయండి, అసలు యజమాని సంతకం, మీ నాన్న సంతకం, పన్ను కాగితం నకలు జతచేసి బుధవారంలోగా పంపండి, మళ్లీ చూస్తాం అందట ఆ ఆఫీసులో మనిషి. భూమి తీసేస్తే ఫీజులో చాలా భాగం వాళ్లే భరిస్తారట. మిగిలింది బ్రిటా వృద్ధాశ్రమంలో శని, ఆదివారాలు చేసే ఉద్యోగంతో సర్దుకోవచ్చు. ఆవులు అమ్మక్కర్లేదు.

పద్దెనిమిదేళ్ల పిల్ల. ఒక్క భోజనం వేళలో జిల్లా ఆఫీసుకి వెళ్లి, కాలేజీ ఆఫీసుకి ఫోన్ కూడా చేసి వచ్చింది. తను అయితే ఆ మెట్ల దగ్గరే నిలబడి, తలుపు నెట్టాలా లాగాలా అని ఆలోచిస్తూ ఉండిపోయేది. రోండాకి గర్వంగా ఉంది. ఆ గర్వం వెనకే భయం కూడా వచ్చి నిలబడింది.

"మీ నాన్న సంతకం పెట్టాలా? పొలం నాది కాదని?"

"అవును."

"ఆయన అర చెయ్యి నరుక్కుంటాడు గానీ ఆ సంతకం పెట్టడు. పొలం తనదేనని తాతయ్య రాసిచ్చాడనుకో, రేపు మీ మేనత్త గెయిల్ మిల్వాకీ నుంచి దిగుతుంది సగం నాదంటూ. ఎల్లుండి తాతయ్యకి ఏదన్నా అయితే మనం ఎక్కడ ఉంటాం? ఇంతకీ ఈ సంగతి నాన్నకి ఎవరు చెబుతారు?"

"నేను చెప్తాను."

"నీతో మాట్లాడ్డం లేదుగా ఆయన."

"వింటాడు కదమ్మా. చెవులు పనిచేస్తున్నాయిగా."

*

సాయంత్రం పాలు పితికేటప్పుడు మాట్లాడుకోవడం ఆ ఇంట్లో తక్కువ. పితికే యంత్రాల టకటక శబ్దంలో రేడియో పాట ఒకటి, అంతే. ఆ రోజు రేడియో కూడా పెట్టలేదు కర్ట్.

"ఆ అమ్మాయికి చెప్పు," అన్నాడు రోండాతో, ఆవు పొదుగు కింద నుంచి తల ఎత్తకుండా. "మూడో ఆవుకి వెనక చన్ను వాచింది. యంత్రం పెట్టొద్దని."

బ్రిటా నాలుగడుగుల దూరంలో ఉంది. "నాన్నకి చెప్పమ్మా, నిన్ననే చూశాను. చేత్తో విడిగా పితుకుతున్నాను."

"నేనేమన్నా తపాలా ఆఫీసునా?" అంది రోండా. "ఆ మాటేదో మీరే చెప్పుకోండి."

 బ్రిటాయే మొదలు పెట్టింది.

"నాన్నా, ఓయెన్‌ని సోమవారం రావొద్దని చెప్పు."

కర్ట్ పక్క ఆవు దగ్గరికి జరిగాడు.

"నాకు ఆష్‌కాంబ్ వద్దు."

"వద్దు కాదు," అన్నాడు కర్ట్. మూడు రోజుల తర్వాత కూతురితో అన్న మొదటి మాట. "నీకు నా ఆవుల మీద జాలి. ఆవుల మీద జాలితో డాక్టరయినవాడు ఎవడూ లేడు. పశువుల డాక్టరు కూడా అవలేడు."

"సగం అమ్మి సగం ఉంచుకోకూడదూ?" అంది రోండా. అది కుదరదని ఆమెకీ తెలుసు. సగం పాల కోసం పాల లారీ ఈ కొండ ఎక్కి రాదు.

కర్ట్ ఆ మాట పట్టించుకోలేదు. "ఈ జిల్లాలో ఇంకెవరికి వచ్చింది అలాంటి చోటి నుంచి పిలుపు? చర్చిలో అందరూ అడుగుతున్నారు. పేడ బూట్ల పిల్లకి పక్క ఊరి కాలేజీ చాల్లే అనుకున్నాడు కర్ట్ అంటారు."

"ఎవరంటారు?"

"ఎవరో ఒకరు."

"ఆ ఎవరో ఒకరు నువ్వే," అంది రోండా. "ఇంకెవరూ అనలేదు."

బ్రిటా చేతులు తుడుచుకుని చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. పోయిన శనివారం లాక్రాస్ ఆస్పత్రికి వృద్ధాశ్రమంలోని ఒక ముసలావిడకి తోడుగా వెళ్లినప్పుడు, ఆవిడ ఎక్స్‌రే అయ్యేదాకా అక్కడి పెద్ద వరండాలో తిరిగిందట. అక్కడ గోడ పొడుగునా డాక్టర్ల ఫోటోలు, వాటి కింద వాళ్లు ఎక్కడెక్కడ చదివారో రాసి ఉంటుంది. బ్రిటా ఒక్కొక్కటీ చదివి రాసుకొచ్చింది.

"ముప్పై ఒక్క మంది," అంది. "మెడికల్ కాలేజీ కాదు, దానికి ముందు నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూశాను. పంతొమ్మిది మంది స్టేట్ కాలేజీల్లో. గుండె డాక్టరమ్మ మన లాక్రాసే. పిల్లల డాక్టరు ఇంకా చిన్న ఊరి కాలేజీ, దాని పేరు నేనెప్పుడూ వినలేదు. ఆష్‌కాంబ్ లాంటి చోట చదివినవాళ్లు నలుగురు. నీ భుజానికి ఆపరేషన్ చేసినాయన ఉత్తర డకోటా స్టేట్‌లో చదివాడు. కోత పెట్టే ముందు ఆయన్ని ఏ కాలేజీ అని అడిగావా నాన్నా?"

"మళ్లీ పాలెప్పుడు పితకొచ్చని అడిగాను."

"మరి?"

కర్ట్ పెదవి ఒక పక్కకి వంగింది. నవ్వు వచ్చే దారే అది. కానీ మధ్యలోనే ఆగిపోయింది. "ఆ లాక్రాస్ వాళ్లూ ఏమీ ఇవ్వలేదు కదా. మీ అమ్మ మొహమే చెబుతోంది. ఎలాగూ ఆవులు అమ్మాల్సిందే అయితే మంచి కాలేజీకే అమ్ముతాను."

"ఎందుకివ్వలేదో తెలుసా?"

రోండా తలెత్తి కూతుర్ని చూసింది. వద్దు అని కళ్లతో చెప్పింది. బ్రిటా చూసింది. చూసి కూడా చెప్పేసింది. అరవలేదు, తడబడలేదు. జిల్లా ఆఫీసులో పుస్తకం సంగతి, పన్ను కాగితం సంగతి, ఉత్తరం సంగతి వరసగా చెప్పింది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి మందు ఎందుకు చేదుగా ఉంటుందో చెప్పేటప్పుడు కూడా ఈ పిల్ల ఇలాగే మాట్లాడుతుంది.

కర్ట్ చివరిదాకా విన్నాడు. ఆవు పొదుగు నుంచి యంత్రం మెల్లగా తీశాడు. చన్నులకి మందు రాశాడు. ఆవు వీపు మీద ఒకసారి చరిచాడు. ఇంకా పదకొండు ఆవులు మిగిలి ఉండగా కొట్టంలోంచి బయటికి నడిచి వెళ్లిపోయాడు.

ఇరవై రెండేళ్లలో ఆయన పని మధ్యలో వదిలి వెళ్లడం రోండా చూడలేదు. ఆమె తండ్రి పోయిన రోజు కూడా పితకడం పూర్తి చేసుకునే వచ్చాడు.

ఆ పదకొండూ తల్లీ కూతుళ్లే పూర్తి చేశారు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు," అంది రోండా చివరి ఆవు దగ్గర. "ఆ కాగితం సరిచేస్తే ఆష్‌కాంబ్ వాళ్లు కూడా ఇస్తారేమో. మా కోసం నువ్వు వద్దనుకుంటున్నావేమో అని నాకు భయంగా ఉంది. రేపెప్పుడో నలభై ఏళ్లొచ్చాక మా మీద కోపం వస్తుంది నీకు."

 బ్రిటా గొట్టాలు కడుగుతూ ఆలోచించింది.

"వెళ్లాలని కొంచెం ఉందమ్మా. లేదంటే అబద్ధం. ఆ ఇటుక గోడల ఫోటో నా గదిలో ఇంకా ఉంది. కానీ వాళ్లు సవరణలు తీసుకునే గడువు మార్చితోనే అయిపోయింది. తీసుకున్నా నేను వెళ్లను. డాక్టరు చదువు ఈ నాలుగేళ్లతో మొదలవుతుంది, అయిపోదు. తర్వాత మెడికల్ కాలేజీ నాలుగేళ్లు, ఆ తర్వాత ఆస్పత్రిలో ఇంకో మూడు నాలుగేళ్లు. అప్పు చేయకుండా మెడికల్ కాలేజీ ఎవరికీ అవదు. ఆ అప్పేదో అక్కడే చేస్తాను. ఇప్పుడే మొదలుపెడితే ఊపిరాడదు."

"మరి పేరు?"

"మెడికల్ కాలేజీ వాళ్లు మార్కులు చూస్తారు, ప్రవేశ పరీక్ష చూస్తారు, రోగుల దగ్గర ఎన్ని గంటలు పనిచేశావని చూస్తారు. ఆష్‌కాంబ్‌లో ఖర్చులకి పొద్దుటా సాయంత్రం పనిచేస్తూ కెమిస్ట్రీలో మార్కులు పోగొట్టుకుంటే, ఆ పేరు ఎవడికి కావాలి? లాక్రాస్‌లో ఉంటే వృద్ధాశ్రమం పని ఉంటుంది. అక్కడి మిసెస్ స్లాటెన్ ఉంటుంది. నేను కాకపోతే ఆవిడ ఎవరి చేతా స్నానం చేయించుకోదు."

రోండా కూతుర్ని చూసింది. మోచేతుల దాకా తడి, జుట్టులో గడ్డి పరక. తన పద్దెనిమిదేళ్ల వయసులో రేపు ఏం వండాలన్నది తప్ప ఇంకేం ఆలోచించింది తను? ఈ పిల్ల రాబోయే పన్నెండేళ్ల దాకా ముందుకి చూస్తోంది. అదీ మోకాళ్ల దాకా పేడలో నిలబడి.

"నీకీ తెలివి ఎక్కడిదే?" అంది.

"నీ దగ్గర్నించే. ఏదైనా చెడిపోతుందని ముందే తెలిసిపోతుంది కదా నీకు. నేను దానికి కాగితాలు వెతుకుతాను, అంతే."

*

మర్నాడు శనివారం మధ్యాహ్నం భోజనానికి ముసలాయన వచ్చాడు. పెరటి అవతలి చిన్న ఇంటి నుంచి ఈ ఇంటికి నూట ఇరవై అడుగులు. ఎనభై నాలుగేళ్ల పామర్ రోజూ పన్నెండింటికి ఆ నూట ఇరవై అడుగులూ నడిచి వస్తాడు. బ్రిటా పుట్టినప్పట్నుంచీ ఇంటిల్లిపాదికీ ఆయన తాతయ్యే. కొడుకు కూడా అలాగే పిలుస్తాడు.

కర్ట్ పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. పాలు పితికాడు, పేడ ఎత్తాడు, కంచె దగ్గర ఏదో కొట్టాడు. ఇప్పుడు పళ్లెం ముందు కూర్చుని మాంసం ముక్కల్ని చిన్న చిన్న ముక్కలు చేస్తున్నాడు. తినడం లేదు. బ్రిటా పొద్దుటి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, నీలం యూనిఫాం మార్చుకోలేదు.

బంగాళాదుంపల గిన్నె చేతులు మారింది. ఉప్పులో ఊరిన దోస ముక్కల సీసా చేతులు మారింది. మాట మాత్రం ఏ చేతికీ రాలేదు.

రోండా పుట్టింట్లో ఎనిమిది మంది పిల్లలు, ఒకేసారి తొమ్మిది మాటలు. ఈ టోలెఫ్సన్‌ల మౌనానికి ఆమె ఇరవై రెండేళ్లుగా అలవాటు పడలేదు. బల్ల దగ్గర నిశ్శబ్దం ముదిరితే కాఫీ అని లేస్తుంది. లేదా వాన గురించి ఏదో అంటుంది. ఇవాళ లేవబోతుంటే బ్రిటా మోకాలితో మోకాలిని నొక్కింది. ఆగిపోయింది.

"తాతయ్యా, చెవి మిషను పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"ఆన్ చేశావా?"

ముసలాయన మనవరాలి వైపు ఒకసారి చూసి, చెవి వెనక వేలు పెట్టి తిప్పాడు. "ఇప్పుడు చెప్పు."

"ఈ పొలం ఎవరిది?"

"ఏ పొలం?"

"మనం కూర్చున్నది."

"మీ నాన్నది."

"కాగితం మీద?"

పామర్ ఫోర్కు కింద పెట్టాడు.  ఇప్పుడు లేచి వెళ్లిపోతాడు, రేపట్నుంచి భోజనానికి రాడు, చలికాలంలో ఆ ఇంట్లో ఒక్కడే పడిపోతాడు, ఎవరికీ తెలియదు. రోండా అన్నీ ఒక్క క్షణంలో చూసేసింది.

ముసలాయన లేవలేదు.

"కాగితం మీద నాదే," అన్నాడు.

కర్ట్ తల ఎత్తాడు. "ఇరవై రెండేళ్లు," అన్నాడు.

"అవును."

"కొట్టం కప్పు నేను మార్చాను. ఏటా వసంతంలో చేలో రాళ్లు నేను ఏరాను. నాదని చెప్పుకు తిరిగాను."

"తెలుసు. నువ్వు కొట్టిన ప్రతి మేకూ నా కిటికీలోంచి చూశాను."

"మరి ఎందుకు రాయలేదు?"

పామర్ బల్ల మీద గుడ్డని చేత్తో సాపు చేశాడు. "మా అన్న ఆర్నల్డ్ తన పొలం కొడుక్కి రాసిచ్చాడు. రాసిచ్చిన మర్నాటి నుంచీ వాడి కొడుకు వాణ్ణి ఏదీ అడగడం మానేశాడు. మొక్కజొన్న ఎప్పుడు విత్తాలో కూడా అడగలేదు. ఆర్నల్డ్ రెండేళ్లు గుమ్మంలో కూర్చుని చనిపోయాడు. నువ్వు రోజూ పాలయ్యాక నా ఇంటికి వస్తావు. ఇవాళ ఏం చేద్దాం తాతయ్యా అంటావు. సంతకం పెడితే అది ఆగిపోతుందేమోననుకున్నాను."

ఆ ముసలాయన నోట ఒకే విడతలో అన్ని మాటలు రోండా ఎప్పుడూ వినలేదు. తనకి రోజూ ఉండే భయాల్లాంటి భయమే ఆయనకీ ఉందని ఇన్నేళ్లుగా తెలియనే తెలియలేదు.

బ్రిటా పళ్లేలు పక్కకి జరిపి ఉత్తరం పెట్టింది. చదివి వినిపించింది. చిన్నదే. 'మేము సహాయం కోసం ఇచ్చిన వివరాల్లో ఒక పొరపాటు ఉంది. ఈ రెండు వందల నలభై ఎకరాలు మా తాతగారు పామర్ టోలెఫ్సన్‌వి. మా కుటుంబానికి ఆయన మాట ఇచ్చారు. మా అమ్మ ఆ మాటనే నమ్మి రాసింది.'

అమ్మ తప్పు చేసిందని రాయలేదు. నమ్మి రాసింది అని రాసింది. రోండా కళ్లు దించుకుంది.

పామర్ కళ్లజోడు అడిగాడు. వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం చెక్కినట్టు పేరు రాశాడు. 

"మిగతా సంగతి ఆ తర్వాత లాయరు దగ్గర చూద్దాం," అన్నాడు కొడుకు వైపు చూడకుండా. "నువ్వు రమ్మంటే వస్తాను."

కర్ట్ ఆ సంతకం వైపు చూశాడు.

"నాన్నా, ఇంకో వాక్యం ఉంది," అంది బ్రిటా. "పొలంతో నీకు సంబంధం ఏమిటో కూడా రాయాలట. మా నాన్న కర్ట్ టోలెఫ్సన్ ఈ పొలంలో అని రాసి అక్కడ ఖాళీ వదిలేశాను. కౌలుదారు అని రాయొచ్చన్నారు, జీతగాడు అని రాయొచ్చన్నారు. నాకు రెండూ రాయబుద్ధి కాలేదు. ఏం రాయమంటావు?"

ఉత్తరం ఆయన ముందుకి జరిపింది. పెన్ను మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది.

కర్ట్ ఆ ఖాళీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

సంతకం పెట్టడు అనుకుంది రోండా. ఇప్పుడు కాగితం చింపుతాడు. సోమవారం ఓయెన్ వస్తాడు. ఆవులు లారీ ఎక్కుతాయి. గెయిల్ దిగుతుంది. బ్రిటా ఆష్‌కాంబ్‌కీ పోదు, లాక్రాస్‌కీ పోదు, వృద్ధాశ్రమంలోనే ముసలిదైపోతుంది. పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. పొంగి పోతుంది, లేవాలి. లేవలేదు. కాఫీ పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. అయినా లేవలేదు. జీవితంలో మొదటిసారి ఆ ఇంటి నిశ్శబ్దాన్ని తాకకుండా కూర్చుంది.

పామర్ కదల్లేదు. బ్రిటా కదల్లేదు. ఆ పిల్ల తండ్రి మొహం వైపే చూస్తోంది. కంగారు లేదు, తొందర లేదు. మంచం పక్కన కూర్చుని, రోగి నోరు విప్పేదాకా ఎంతసేపైనా ఆగే మనిషిలా.

కర్ట్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. వేళ్ల కణుపులు ఉబ్బి, గోళ్ల చుట్టూ పగిలి, ఎంత కడిగినా పోని నలుపుతో ఉన్న చేతులు.

తల ఎత్తి కూతుర్ని చూశాడు.

"పాలు పితుకుతాడు అని రాయి," అన్నాడు.